సీటు సీటుకూ చెయ్యి

హుస్నా కూతురు ఇఫ్ఫత్ పన్నెండో తరగతి ముగుస్తోందని బడివాళ్లు పిల్లలకు నల్ల గౌన్లు తొడిగి, పలకల్లాంటి టోపీలు పెట్టి పండగ చేశారు. ఆ పొద్దున హుస్నా కళ్లు వేదిక మీదే ఉన్నాయి గానీ, మనసు మాటిమాటికీ తలుపు దగ్గరికి పోతోంది. తలుపు అవతల సిద్ధమ్మ నిలబడి ఉంది.

సిద్ధమ్మ బడి బస్సులో ఆయా. కువైట్‌లోని అబూ హలీఫా వీధుల్లో పిల్లలను ఎక్కించుకుని బడిలో దించడం, మళ్లీ బడి నుంచి తెచ్చి ఇళ్ల ముందు దించడం ఆమె పని. ఆమె ఊరు లక్కిరెడ్డిపల్లె పక్కన. హుస్నాది రాయచోటి. దేశం కాని దేశంలో ఆ పది మైళ్ల దూరం దూరమే కాదు, ఒకే పెరట్లో పుట్టినట్టు లెక్క. ఇఫ్ఫత్ పాలపళ్లు ఊడకముందు నుంచీ ఆ పిల్ల చెయ్యి పట్టి బస్సు మెట్టెక్కించిన మనిషి ఆమె.

వేదిక మీద ప్రిన్సిపాల్ మేడమ్‌కు శాలువా కప్పారు. లెక్కల సారుకు కప్పారు. డ్రిల్లు మాస్టారికి కప్పారు. పువ్వుల కుండీలు తెచ్చి పెట్టిన దుకాణం ఆయన పేరు కూడా మైకులో చదివి చప్పట్లు కొట్టారు. బస్సుల మాట ఎవరూ ఎత్తలేదు. ఒక టీచరమ్మ తలుపు దగ్గర కేకు డబ్బాలు పంచుతూ సిద్ధమ్మ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇవి పేరెంట్స్‌కు" అని హిందీలో చెప్పి పక్కకు జరిగింది.

హుస్నా లేచి పోయింది. "అక్కా, ఆడ చలిలో ఎందుకు నిలబడినావు? లోపలికి రా."

"వొద్దులేమ్మా. బస్సోళ్లు లోపలికి రాకూడదంట." సిద్ధమ్మ శాలువా చెవుల మీదికి లాక్కుంది. "బిడ్డ టోపీ పెట్టుకునింది కనపడె. అది సాలు. టోపీ ఒగ పక్కకు ఒరిగింది, సరి సెయ్యి పో, ఫోటో తీస్తాండారు."

హుస్నా తన డబ్బా ఆమె చేతిలో పెట్టబోయింది. సిద్ధమ్మ తీసుకోలేదు. "ఆయమ్మ సూస్తాంది. నాకు నోరు తీపి కావాలంటే ఇంటికొచ్చి అడగనా" అని నవ్వి, మెట్లు దిగి బస్సు వైపు పోయింది.

కిటికీలోంచి హుస్నా చూస్తూనే ఉంది. పిల్లలు దిగిపోయి ఎంతసేపైందో, బస్సు ఖాళీ. అయినా సిద్ధమ్మ ముందు నుంచి వెనక దాకా నడిచింది. ఒక్కో సీటు మీద అరచెయ్యి ఆనిస్తూ, వంగి సీటు కింద చీకట్లోకి చెయ్యి పోనిస్తూ నడిచింది. రోజూ రెండు పూటలా చేసే పనే అది. కళ్లు నిద్దరమత్తులో మోసం చేస్తాయి, చెయ్యి మోసం చెయ్యదు అంటుంది.

లోపల లెక్కల సారు మైకు పట్టుకుని పిల్లల భవిష్యత్తు గురించి చెబుతున్నాడు. హుస్నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు.

శుక్రవారం జుమ్మా నమాజు అయి, భోజనాలయ్యాక, భర్త అబ్దుల్ హమీద్ ఒక కునుకు తీస్తుంటే హుస్నా కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి కూతురిని పిలిచింది. ఇంట్లోనే బ్లౌజులు, కమీజులు కుట్టే మనిషికి మిషను మీద గుడ్డ కప్పడమంటే దుకాణం మూసినట్టే.

"నీ ఫోను తియ్యి. నేను మాట్లాడతా, నువ్వు తియ్యి."

"ఏం మాట్లాడతావు అమ్మీ?"

"నిన్న ఎవరూ మాట్లాడనిది."

ఇఫ్ఫత్ నవ్వుకుంటూ ఫోను ఎత్తి పట్టుకుంది. హుస్నా దుపట్టా సర్దుకుని, గోడకు ఆనుకుని నిలబడి, తల్లిదండ్రుల గ్రూపులో అందరూ వింటారని తలుచుకుని గొంతు సవరించుకుంది. సలాం చెప్పింది, నమస్కారం చెప్పింది. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. చదివింది ఐదో తరగతే అయినా హుస్నా నోటికి చదువుతో పని లేదు.

టీచర్లకు దండం పెట్టి, వాళ్లకన్నా ముందు తన బిడ్డను చూసిన మనిషి ఒకరున్నారని మొదలుపెట్టింది. ఒకటో తరగతిలో, ఎండలు మండే రోజుల్లో, ఇఫ్ఫత్ వెనక సీటు కిందికి జారి నిద్రపోయిందని చెప్పింది. డ్రైవరు తలుపు మూసేసి, తాళం జేబులో వేసుకుని టీకి పోతుంటే, ఇంకా చివరి వరసలో చెయ్యి పెట్టలేదని సిద్ధమ్మ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాక్కొచ్చిందని చెప్పింది. చెమటలో తడిసిన పిల్లను చంకనేసుకుని తరగతి దాకా పరిగెత్తిందని చెప్పింది. ఆపైన వీడియోకు ఒక ముగింపు ఉండాలి కదా అనిపించి, ఇంకో మాట కలిపింది.

"మా సిద్ధమ్మక్క సల్వాలో ఒక కువైటీ ఇంట్లో ఉంటుంది. తెల్లారకముందే లేచి ఆ ఇంటి పనంతా ముగించుకుని, మన పిల్లల కోసం బస్సెక్కుతుంది. మళ్లీ పోయి ఆ ఇంట్లో వంట చేస్తుంది. ఇట్లాంటి మనిషికి మనం ఒక కేకు ముక్క ఇయ్యలేకపోయినాం."

ఆ మాట దగ్గర ఆమె గొంతు వణికింది. వణికినందుకు లోపల కాస్త ముచ్చటగానూ ఉంది.

వీడియో గ్రూపులోకి పోయింది. స్టేటస్‌లోకీ ఎక్కింది. కాసేపట్లో ఎర్ర గుండెలు, దండం పెట్టే చేతులు వరసగా వచ్చిపడ్డాయి. నా కళ్లు తడిశాయని ఒకావిడ రాసింది. నేను మా చుట్టాలకూ పంపించానని ఇంకొకావిడ. హుస్నా కూరలో ఉప్పు వేశానో లేదో మరిచిపోయి ప్రతి జవాబునూ కూతురితో చదివించుకుంది. తన పేరు ఇంతమంది నోట్లో మంచిగా మెదలడం ఆమెకు ఇదే మొదలు.

పొద్దు వాలుతుండగా కింది అంతస్తు సమీరా రాసింది: "చాలా మంచి మాట చెప్పావు హుస్నా ఆపా. అయితే ఆమె సల్వా ఇంట్లో పనిమనిషా? మరి బస్సులో ఎట్లా చేస్తుంది?"

సమీరా కడుపులో ఏ పాపమూ లేదు. కువైట్‌కు వచ్చి ఏడాది తిరగని పిల్ల. తెలియక అడిగింది.

అబ్దుల్ హమీద్ టీ గ్లాసు చేతిలో పట్టుకుని వీడియో మొత్తం చూశాడు. చివరికొచ్చేసరికి గ్లాసు కింద పెట్టాడు.

"సల్వా మాట ఎందుకు ఎత్తినావు హుస్నా?"

"ఆమె పడే కష్టం తెలియాలని."

"ఎవరికి తెలియాలని?"

హుస్నాకు అప్పుడు తట్టింది. సిద్ధమ్మ ఇఖామా, అంటే ఇక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు, ఇంటిపనిది. ఆ ఇఖామా మీద, దాన్ని ఇప్పించిన యజమాని కఫీల్ ఇంట్లోనే చెయ్యాలి, గడప దాటి ఇంకొకరి దగ్గర చేస్తే పట్టుకుని ఊరికి పంపేస్తారు. ఇది తెలియని మనవాళ్లు ఇక్కడ లేరు. తెలిసినా ఎవరి ఇఖామా ఏ పనిదని ఎవరూ నోరెత్తి అడగరు, ఇంకొకరి సంగతి పదిమందిలో చెప్పరు. కడప నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు, సంతలో దారి చూపించకముందే ఈ మర్యాద నేర్పుతారు. హుస్నా తనే ఎంతమందికి నేర్పిందో. తన ఇఖామా మొగుడి పేరున భద్రంగా ఉంది కాబట్టి ఆ ఒక్క క్షణం నేర్పిన మర్యాద గుర్తు రాలేదు.

"తీసెయ్యి. తీసెయ్యి" అంది కూతురితో. గ్రూపులో తీసేయించింది, స్టేటస్‌లో తీసేయించింది.

"నా ఫోన్లో ఉంచుకుంటా అమ్మీ. ఎవరికీ చూపించను. నా గురించి కదా చెప్పినావు."

హుస్నా వినలేదు. ఫోను లాక్కుని, ఎక్కడ నొక్కాలో కూతురితోనే చెప్పించుకుని, తన వేలితోనే చెరిపేసింది. చెరిపాక ఆ గాజు మీద తన మొహమే నల్లగా కనబడింది. అబ్దుల్ హమీద్ టీ గ్లాసు తీసుకుపోయి కడిగి పెట్టాడు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలిక పడేది.

అక్కడ వారం మొదలయ్యే ఆదివారం పొద్దున చలిగాలిలో హుస్నా కూతురితో పాటు తానూ కిందికి దిగింది. ఇఫ్ఫత్‌కు ఇంకా ప్రాక్టికల్సు ఉన్నాయి. బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. మెట్టు మీద సిద్ధమ్మ లేదు. ఎవరో కొత్త పిల్ల, చెవిలో తీగలు పెట్టుకుని, చూపు ఫోనులో పెట్టుకుని నిలబడింది. చిన్న పిల్లలు మెట్టెక్కలేక అవస్థ పడుతుంటే ఇఫ్ఫత్ వెనక నుంచి ఒక్కొక్కరినీ ఎత్తి లోపల పెట్టింది.

"సిద్ధమ్మ ఏదీ?" అని హుస్నా డ్రైవరును హిందీలో అడిగింది. అతను చేతులు తట్టి దులిపినట్టు చూపించాడు. "ఖలాస్."

బస్సు పోయింది. హుస్నా ఫుట్‌పాత్ మీద అట్లాగే ఉండిపోయింది. ఎవరో కారు ఆపి దారి అడిగితే చెప్పకుండా తలుపు వైపు నడిచింది. ఇంట్లోకి పోయి ఫోను చేస్తే సిద్ధమ్మ ఎత్తలేదు. మళ్లీ చెయ్యడానికి ధైర్యం చాలలేదు. ఎత్తి "హలో" అంటే ఏమని మొదలుపెట్టాలి? ఆ రోజు కత్తిరించిన బ్లౌజుకు రెండు చేతులూ ఎడమవైపువే వచ్చాయి.

మధ్యాహ్నం ఇఫ్ఫత్ ఆలస్యంగా వచ్చింది.

"ఎందుకింత సేపు?"

"ఆ పిల్ల వెనక్కి పోలేదు అమ్మీ. అట్లే తలుపు మూయబోయింది. నేనే చివరి స్టాపు దాకా ఉండి అన్ని సీట్లూ చూసి దిగినా. ఇట్లా ఇంకెన్ని దినాలు చూస్తా నేను? నాకు బడి అయిపోతాంది కదా."

కూతురు మామూలుగానే అంది. తల్లి గుండెల్లో మాత్రం అది ఇనుపసూదిలా దిగింది.

మరునాడు హుస్నా బస్సులు నిలిపే చోటికి పోయింది. బస్సులు బడివి కావు, కాంట్రాక్టరువి. వాటిని తిప్పే అజ్మతుల్లా హైదరాబాదు ఆయన, పెద్ద వయసు. రేకు గదిలో హీటరు దగ్గర చేతులు కాచుకుంటూ కూర్చున్నాడు. హుస్నాను చూడగానే లేచి కుర్చీ తుడిచి వేశాడు. ఆ మర్యాదకు ఆమె ఇంకా కుంగిపోయింది.

దారి పొడవునా ఒక అబద్ధం అల్లుకుంటూ వచ్చింది. అది గబగబా చెప్పేసింది. "భాయ్, నేను ఆ వీడియోలో తప్పు చెప్పినా. సల్వాలో ఉండేది వేరే మనిషి. పేరు కలిసింది. ఈమె కాదు."

అజ్మతుల్లా ఆమె మొహం వైపు చూడకుండా హీటరు వైపు చూశాడు. "బేటీ, ఆమెను సల్వా చౌరస్తాల రోజూ ఎక్కించుకునేది మా బస్సే గదా. నాకు తెల్వదా?"

హుస్నా ఇంక ఆ అబద్ధాన్ని సాగదీయలేదు, అసలు సంగతి అడిగింది.

"ఎవరన్నా కంప్లయింటు ఇచ్చినారా?"

"ఎవ్వరు ఇయ్యలే. అందరు మెచ్చుకున్నరు. మెచ్చుకుంట మెచ్చుకుంట ఒకరు ఇంకొకరికి పంపిన్రు. గట్ల పోయి పోయి మా సేటు ఫోన్ల పడ్డది. సేటు భయపడ్డడు. రేపు ఎవడన్నా వచ్చి ఆమె కార్డు చూపియ్యమంటే బస్సు పోతది, సేటు పోతడు, ఆమె అందరికన్న ముందు పోతది. ఇన్నేండ్లు ఎట్ల నడిచింది? ఎవ్వరు మాట్లాడకపోతే నడిచింది." మళ్లీ హీటరు మీదికి చేతులు చాచి మెల్లగా అన్నాడు. "తిట్టిపోసినోళ్లున్నరు ఆమెను. మా పిల్లగాన్ని కిటికీ పక్కన కూసోనియ్యలేదని లొల్లి చేసినోళ్లున్నరు. ఏం కాలే. మీ మంచితనమే తగిలింది బేటీ."

"మళ్లీ పెట్టుకోరా?"

"ఈ గొడవ మరుగున పడనియ్యి. పడితే అడుగుత. మాట మాత్రం ఇయ్య. మీరు ఇంక ఏం చెయ్యకున్రి. థాంక్సు కూడా చెప్పకున్రి."

మంగళవారం హుస్నా చెనిక్కాయలు వేయించి, పొట్టు తీసి, బెల్లం పాకం పట్టి ఉండలు చుట్టింది. పాకం ముదిరింది. ముదిరినా పారేయలేదు, డబ్బాలో పెట్టుకుని సల్వాకు బస్సెక్కింది. ఇన్నేళ్లలో సిద్ధమ్మ తన ఇంటికి రంజాన్‌కు వచ్చింది, బక్రీద్‌కు వచ్చింది, ఇఫ్ఫత్‌కు జ్వరమొస్తే వచ్చింది. తాను మాత్రం ఆమె ఉండే చోటికి ఎన్నడూ పోలేదు. వీధి పేరు కూడా ఫోనులో ఇంకొకరిని అడిగి తెలుసుకుంది.

పెద్ద గేటు పక్కన చిన్న తలుపు ఉంది. కారు షెడ్డు దాటితే వెనక వంటిల్లు. సిద్ధమ్మ బల్ల ముందు నిలబడి ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి చుడుతోంది. ఉడికించిన ఆకును అరచేతి వెడల్పున పరిచి, మధ్యలో వేలెడు అన్నం పెట్టి, రెండు పక్కలూ మడిచి, బీడీ చుట్టినట్టు చుట్టి గిన్నెలో వరసగా పేరుస్తోంది. హుస్నాను చూసి చెయ్యి ఆపలేదు, మొహం మాత్రం వెడల్పయింది.

"ఎవురూ, హుస్నమ్మా? ఏంది మ్మే, దోవ తప్పినావా? బిడ్డ బాగుండాదా?"

"బాగుంది అక్కా. నీకు ఫోను చేస్తి."

"ఫోను ఇంటామె మామా గదిలో పెట్టేసినా. కొన్నాళ్లు మాట్లాడబాక, గమ్మునుండు అనింది ముసల్ది. కూసో. అదేంది డబ్బా? చెనిక్కాయ ఉంటలా?" ఒకటి తీసి కొరకబోయి, పన్ను దిగక, బుగ్గన పెట్టుకుంది. "పాకం రాయి చేసినావు గదే. పోనీలే, సాయంత్రం దాకా వస్తాది."

హుస్నా నవ్వలేకపోయింది. చేతులు ఊరికే ఉండలేక తానూ ఒక ఆకు తీసుకుని పరిచింది. కుట్టుపని చేసే వేళ్లు కదా, మడత వెంటనే పట్టుకున్నాయి.

"నిన్ను తీసేసినారని చూసినా అక్కా."

"ఊ. మోకాళ్లు కూడా ఊరికే ఉంటాండ్లా. ఆ మెట్టు ఎత్తు." సిద్ధమ్మ బుగ్గలో ఉండను అటు నుంచి ఇటు మార్చుకుంది. "ఊర్లో నా కూతురు అరుణజ్యోతికే కొంచెం ఇబ్బంది. నర్సు చదువు ఇంగొగ సంవత్సరం ఉండాది. ఆ బస్సు జీతమే దానికి పోతాండె. ఈడ జీతం ఊర్లో అప్పులోళ్లది. సూస్తాం. మామా కొడుకు వచ్చే వారం వస్తాడు. ఆయప్పకు తెలిసిందో లేదో. తెలిస్తే ఉంచుకుంటాడో, టికెట్టు తీస్తాడో."

"అక్కా, నేను..." హుస్నా మడిచిన ఆకును మళ్లీ విప్పింది. "నీ పని..."

అప్పుడే లోపల తలుపు తెరుచుకుంది. నాలుగు కాళ్ల కర్ర ఆనించుకుంటూ ముసలి మామా గడపలోకి వచ్చి, కొత్త మనిషిని చూసి కనుబొమలు ఎత్తింది. హుస్నా గబుక్కున లేచింది. తన వల్ల ఈ ఇంట్లో కూడా సిద్ధమ్మకు మాట వస్తుందేమోనని గోడ వైపు జరిగింది.

సిద్ధమ్మ తల తిప్పకుండానే, "మామా, హాదీ ఉఖ్తి" అంది. ఈమె నా చెల్లెలు అని.

మామా హుస్నా దుపట్టా వైపు, సిద్ధమ్మ నుదుట బొట్టు వైపు ఒకసారి చూసి, ఏమనుకుందో ఏమో, తల ఊపి, డబ్బాలోంచి ఒక ఉండ తీసుకుని వెళ్లిపోయింది. ఆమెకు పళ్లే లేవు.

తలుపు మూసుకున్నాక సిద్ధమ్మే అంది. "నన్ను గురించి ఏందో ఫోన్లో సెప్పినావంట గదా. అరుణజ్యోతికి ఎవురో మనూరోళ్లు సెప్పినారంట. మీయమ్మను అట్టా పొగిడినారు, ఇట్టా పొగిడినారు అని. అది తీసుకొని సూసేలోపల ల్యాకుండా పోయిందంట. ఒగటే ఏడుపు, నేను సూడల్యా అమ్మా అని. నేను గూడా సూడల్యా. ఏదీ, సూపియ్యి."

హుస్నా చేతులు ఆకు మీద ఆగిపోయాయి. "లేదక్కా. తీసేసినా."

"అంతా?"

"అంతా. ఇఫ్ఫత్ ఫోన్లో కూడా. అది వద్దు వద్దంటున్నా నేనే చెరిపేసినా. భయపడితి."

కుళాయి నుంచి నీటిబొట్లు తొట్టిలో పడుతున్నాయి. సిద్ధమ్మ కుళాయి తిప్పి బిగించి, చేతులు కొంగుకు తుడుచుకుని, వంటింట్లోకి హుస్నా వచ్చాక మొదటిసారి కూర్చుంది. కూర్చుని రెండు అరచేతులూ బల్ల మీద ఆనించింది, ఆ సీట్ల మీద ఆనించినట్టే.

"అది పోతే పోనీలే. నోరుండాది గదా నీకు. సెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నా పుట్టకలో నన్ను ఎవురూ పదిమందిలో పొగడల్యా. పొగిడినోళ్లు ఒగరు, అదీ నేను ఇనల్యా. మొదటి నుంచి సెప్పు. బిడ్డ సీటు కింద పండుకున్న కాడి నుంచి సెప్పినావంట గదా."

హుస్నా కళ్లు తుడుచుకుంది. గోడకు ఆనుకుని నిలబడి మాట్లాడిన మాటలు ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పాలంటే నాలుక తిరగడం లేదు. ఇన్నేళ్లూ ఒక్కసారైనా ఆమె మొహం చూసి చెప్పిన మాట కాదు అది. గ్రూపుకు చెప్పింది, గోడకు చెప్పింది, ఈమెకు చెప్పలేదు. "మా ఇఫ్ఫత్..." అని ఆగింది. మళ్లీ, "మా ఇఫ్ఫత్ ఒకటో తరగతిలో ఉండగా, అక్కా..." అంది.

"ఆ. సెప్పు." సిద్ధమ్మ బుగ్గలోని ఉండను పంటితో పగలగొట్టింది. చూపు హుస్నా మీదే పెట్టి, కోపమూ లేకుండా, నవ్వూ లేకుండా అంది. "సల్వా మాట మాత్రం ఎత్తబాక."

హుస్నా చేతిలో ఆకు చిరిగిపోయి అన్నం బల్ల మీద పడింది. సిద్ధమ్మ ఆ మెతుకులు ఒక పక్కకు తోసి, గిన్నెలోంచి ఇంకో ఆకు తీసి, ముడతలు పోయేలా అరచేత్తో పరిచి ఆమె ముందు పెట్టింది.